జమాబందీ చేసిన చేతే తీర్పు చెబితే

తెలుగు నేల మీద న్యాయస్థానాల చరిత్రను పాఠ్యపుస్తకాలు మెట్లదారిలా చెబుతాయి. రాజుగారి ధర్మాసనం, ఊరి రచ్చబండ, ఈస్టిండియా కంపెనీ అదాలతులు, 1862లో మద్రాసు హైకోర్టు, చివరికి రాజ్యాంగం. మెట్టు మెట్టుకూ న్యాయం మెరుగుపడిందన్నది ఆ కథ సారాంశం. శిస్తు వసూలు చేసే అధికారి మీద రైతు ఫిర్యాదు చేస్తే దాన్ని విచారించింది ఎవరన్న ప్రశ్న ఆ కథలో ఎక్కడా వినిపించదు. కోర్టు ప్రభుత్వానికి ఎదురు నిలిచిందా, ప్రభుత్వంలో ఒక చేతిగా పనిచేసిందా అన్నది తేలేది ఆ ప్రశ్న దగ్గరే.

కంపెనీకి ముందు కాలం గురించి చెప్పవలసింది తక్కువే. మితాక్షర అనే ధర్మశాస్త్ర గ్రంథాన్ని కేతన 13వ శతాబ్దంలోనే తెనిగించాడు కాబట్టి వ్యవహార ధర్మం తెలుగులో చదువుకునే స్థితి అప్పటికే ఉంది. అయితే పన్ను వేసే అధికారమూ తీర్పు చెప్పే అధికారమూ రాజు దగ్గరే ఉండేవి. పంచాయతీలో మాట చెల్లాలంటే కులబలమో భూమిబలమో ఉండాలి.

ఈ రెండు అధికారాలను విడదీయాలన్న ప్రయత్నం మద్రాసు రాజధానిలో 1802లో జరిగింది. గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ 1793లో బెంగాలులో పెట్టిన పద్ధతినే ఇక్కడికి తెచ్చి జిల్లా కోర్టులు ఏర్పాటు చేశారు. కలెక్టరు శిస్తుకే పరిమితం; మేజిస్ట్రేటు అధికారం జడ్జిది. కలెక్టరు తన హోదాలో చేసిన పని మీద కూడా దావా వేయవచ్చు. అప్పటికి అది చిన్న మాట కాదు. కానీ ఆ కోర్టులు దూరం, ఖర్చెక్కువ, స్టాంపు రుసుముల భారం వేరే. జడ్జీలకు దేశభాషలు అంతంతమాత్రం. కొద్ది ఏళ్లలోనే దావాలు గుట్టలుగా పేరుకుపోయాయి.

ఇక్కడ కంపెనీ అధికారి థామస్ మన్రో వస్తాడు. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకు (నేటి రాయలసీమ ప్రాంతానికి) ప్రధాన కలెక్టరు. రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నంత అభిమానం ఆయన సంపాదించుకున్నాడు, దాన్ని తక్కువ చేయనవసరం లేదు. 1814లో న్యాయ విచారణ సంఘానికి అధ్యక్షుడిగా తిరిగి వచ్చి, 1816 రెగ్యులేషన్లతో న్యాయాన్ని ఊరికి తిరిగి ఇచ్చాడన్నది ప్రచారంలో ఉన్న మాట. ఆ రెగ్యులేషన్లను వరుసగా చదివితే ఈ మాట సగమే నిజమని తెలుస్తుంది.

గ్రామ పెద్ద గ్రామ మునసబు అయ్యాడు. పది రూపాయల లోపు దావాలు అతను తీర్చవచ్చు. గ్రామ పంచాయతీలకూ తీర్పు అధికారం ఇచ్చారు గానీ, వాటిని ఆశ్రయించినవాళ్లు బహు తక్కువ. జిల్లా మునసబు కోర్టులు మాత్రం నిలదొక్కుకున్నాయి. దేశీయులు న్యాయాధికారులుగా, జనం భాషలో దావాలు వినడం వాటితోనే విస్తరించింది. మన్రోకు దక్కవలసిన నిజమైన పేరు ఇదే.

రెండో సగం వేరు. మేజిస్ట్రేటు అధికారాన్ని జడ్జి నుంచి తీసి కలెక్టరుకు అప్పగించారు. తాసిల్దారు పోలీసు అధికారి కూడా అయ్యాడు. చిల్లర నేరాలు చేసినవాళ్లను గ్రామ పెద్ద చావడిలో పన్నెండు గంటల దాకా నిర్బంధించవచ్చు. నేరం చేసినవాడు కింది కులంవాడైతే బొండకొయ్యలో ఆరు గంటల దాకా బిగించవచ్చు. ఒకే తప్పుకు కులాన్ని బట్టి వేర్వేరు శిక్షలని చట్టంలోనే రాశారు. ఊరికి తిరిగి ఇచ్చిన న్యాయమంటే ఆ ఊళ్లో ఎవరికి ఇచ్చినట్టో ఈ ఒక్క నిబంధనే చెబుతుంది. 1822లో మరో రెండు రెగ్యులేషన్లు వచ్చి కౌలు, భూమి స్వాధీనపు తగాదాలను, రెవెన్యూ సిబ్బంది అక్రమాల విచారణను కలెక్టరుకే కట్టబెట్టాయి. తన కింది ఉద్యోగి తప్పు చేస్తే, విచారించేదీ తానే.

దీని ఫలితం 1855లో బయటపడింది. మద్రాసు ప్రభుత్వం నియమించిన చిత్రహింసల విచారణ సంఘం ముందుకు, వందల మైళ్ల దూరం నుంచి కూడా రైతులు వచ్చి వాంగ్మూలాలిచ్చారు. శిస్తు బకాయి కోసం మనిషిని నడుం వంచి, కాలి బొటనవేలికీ మెడకూ తాడు కట్టి, వీపు మీద రాయి పెట్టి ఎండలో నిలబెట్టేవారు. వేళ్లను రెండు చెక్కల మధ్య బిగించి నొక్కేవారు. బకాయి చాలాసార్లు కొద్దిపాటి సొమ్మే. కలెక్టరుకు అర్జీ పెట్టుకుంటే, అది విచారణ కోసం తిరిగి తాసిల్దారుకే వెళ్లేది. కొట్టించినవాడి దగ్గరికే ఫిర్యాదు చేరిందన్నమాట. శిస్తు, పోలీసు అధికారాలు ఒకే చేతిలో ఉండటం ఇందుకు ముఖ్య కారణమని సంఘం తేల్చింది.

హింస 1816కు ముందూ ఉందని మన్రో పక్షాన వాదించవచ్చు. అది నిజమే, సంఘమూ దాన్ని పాత ఆచారమనే చెప్పింది. 1802 కోర్టులు బాగా నడిచాయనీ ఎవరూ అనలేరు. కానీ ఆలస్యానికి మందు మరిన్ని కోర్టులు, తక్కువ ఖర్చు, తెలిసిన భాష. మునసబు కోర్టులే దానికి రుజువు. కలెక్టరును మేజిస్ట్రేటు చేయడం ఆ జబ్బుకు మందు కాదు. దాంతో, పాత హింస మీద ఫిర్యాదు చేయడానికి కొత్తగా తెరుచుకున్న ఒక్క తలుపూ మూతపడింది.

1859లో పోలీసు శాఖ రెవెన్యూ నుంచి వేరైంది. కలెక్టరు మాత్రం మేజిస్ట్రేటుగానే మిగిలాడు. మన్యం పరిస్థితి మరీ కఠినం. 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, ఏజెంటు హోదాలో కలెక్టరుకు అప్పగించారు. నిజాం రాజ్యమే నయం, అక్కడ 1921లోనే న్యాయశాఖను పరిపాలన నుంచి వేరు చేశారు. బ్రిటిషు పాలిత ప్రాంతమే ముందుండేదని నమ్మేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రాజ్యాంగం 50వ అధికరణం ఈ విభజనను ఆదేశిక సూత్రంగా పెట్టింది. 1974 ఏప్రిల్ 1 నుంచి అమలైన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్లను హైకోర్టు కిందికి తెచ్చింది. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ మునసబు, కరణాల ఉద్యోగాలు రద్దయ్యాయి. దీంతో పని పూర్తయిందని చాలామంది రాస్తారు గానీ అది తొందరపాటు. ఎన్నికలొస్తే తాసిల్దారు ముందు బైండోవర్లు, అంటే మంచి నడవడికి పూచీకత్తు రాయించుకోవడం, నేటికీ మామూలే. పాస్‌పుస్తకం తగాదాలు నడిచేది ఆర్డీవో దగ్గరే. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి ల్యాండ్ టైట్లింగ్ చట్టం హక్కు తేల్చే పనిని అధికారులకిచ్చి సివిల్ కోర్టులను పక్కన పెట్టింది. న్యాయవాదులు కోర్టులు వదిలి వీధుల్లోకి వచ్చారు, 2024లో ఆ చట్టం రద్దయింది. అది మంచి పని. తెలంగాణలో 2020 చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేసింది. 2025 భూభారతి చట్టం అప్పీళ్లను మళ్లీ ఆర్డీవోకు, కలెక్టరుకు అప్పగించింది. సివిల్ కోర్టుల్లో ఏళ్ల తరబడి ఆలస్యం కాబట్టి ఇదే నయమనే వాదన ఇప్పుడూ వినిపిస్తోంది. 1816లో చెప్పిన కారణమూ అదే.

మన్యంలో నేటికీ ఆదివాసీ భూమి అన్యాక్రాంతమైతే, కేసు మొదట నడిచేది స్పెషల్ డిప్యూటీ కలెక్టరు ముందు. అప్పీలు ఏజెంటు హోదాలో ఉన్న కలెక్టరుకు, రివిజన్ ప్రభుత్వానికి.