హిమాయత్ సాగర్ పరిసరాల రోడ్డు సైక్లింగ్

హైదరాబాద్‌కు నైరుతిలో రాజేంద్రనగర్, శంషాబాద్, మొయినాబాద్‌ల నడుమ ఉన్న హిమాయత్ సాగర్ జలాశయం చుట్టుపక్కల రోడ్లు నగర సైక్లిస్టుల ప్రధాన సాధన స్థలం. వేకువ రైడ్‌లు, దూర పరీక్షలైన బ్రెవేలు ఇక్కడి సైక్లింగ్‌లో ముఖ్యమైనవి. గండిపేట, చిలుకూరు, చేవెళ్ల దారులనూ సైక్లిస్టులు ఈ ప్రాంతంలో భాగంగానే లెక్కిస్తారు.

నేల స్వభావం రైడర్ల కాళ్లకు బాగా తెలుస్తుంది. జలాశయం నిండు మట్టం 1,763.5 అడుగులు, అంటే సముద్ర మట్టానికి సుమారు 537 మీటర్లు. శంషాబాద్ విమానాశ్రయం 617 మీటర్ల ఎత్తున ఉంది. నీటి ఒడ్డు నుంచి విమానాశ్రయం దాకా ఎక్కాల్సిన 80 మీటర్లు ఒకే ఎక్కుడుగా రావు. దక్కన్ గ్రానైట్ నేల కాబట్టి మిట్ట ఎక్కి ఊపిరి తీసుకునేలోపే పల్లం వస్తుంది, ఆ వెంటనే మరో మిట్ట. గేర్లు మార్చే ఒడుపు, గుంపులో ఒకరి వెనక ఒకరు గాలిని తప్పించుకుంటూ సాగే నేర్పు అలవడడానికి ఇంతకన్నా మంచి బడి నగరం దగ్గర లేదు.

ఈ దారుల చరిత్ర మూసీ వరదతో మొదలవుతుంది. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన వరద హైదరాబాద్‌ను ముంచెత్తి వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. నగరాన్ని వరద నుంచి కాపాడే మార్గం చెప్పమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరానికి ఎగువన మూసీ మీదా దాని ఉపనది ఈసీ మీదా జలాశయాలు కట్టి వరదను పట్టి ఉంచాలని ఆయన సూచించారు. మూసీపై గండిపేట వద్ద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. రెండో జలాశయానికి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పెద్ద కుమారుడు హిమాయత్ అలీ ఖాన్ (ఆజం జా) పేరు పెట్టారు. హైదరాబాద్ రాజ్యపు ఇంజినీర్లలో అగ్రగణ్యుడైన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పేరు ఈ నిర్మాణాలతో విడదీయరానిది. వరదకు అడ్డుకట్టగా పుట్టిన ఈ జంట జలాశయాలు నగరానికి తాగునీరు కూడా అందించాయి.

ఆ తరువాతి ఏడు దశాబ్దాలూ ఇక్కడ సైకిల్ క్రీడా సాధనం కాదు, పల్లెకూ పట్నానికీ మధ్య రాకపోకల బండి.

1996 మార్చి 8న వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు సైక్లింగ్ కోసం ఉద్దేశించింది కాదు. జంట జలాశయాలకు 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, భారీ కట్టడాలు రాకుండా అది కట్టడి చేసింది. నగరం నాలుగు దిక్కులా పెరుగుతున్నా ఈ వైపు పొలాలు, తోటలు, ఖాళీ రోడ్లు మిగలడానికి అదే కారణం. ఇక్కడి సైక్లింగ్‌కు ఏ క్రీడా సంస్థా చేయనంత మేలు ఈ నీటి రక్షణ ఉత్తర్వు చేసింది.

2008లో రెండు మార్పులు వచ్చాయి. మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. నవంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డులో గచ్చిబౌలి – శంషాబాద్ భాగం తెరుచుకుంది. 158 కిలోమీటర్ల ఈ రింగ్ రోడ్డు ప్రధాన మార్గంపైకి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. దాని పక్కన సాగే సర్వీస్ రోడ్లే సైక్లిస్టులకు దక్కాయి. గచ్చిబౌలి ఐటీ ఉద్యోగులు తెల్లవారుజామున అప్పా జంక్షన్ మీదుగా జలాశయం వైపు తొక్కడం మొదలైంది ఈ దారుల వల్లే. వానాకాలంలో హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తితే దిగువన సర్వీస్ రోడ్డుపై నీరు పారుతుంది. పోలీసులు ఆ దారి మూసేస్తారు.

బ్రెవే పందెం కాదు, గడువులోగా దూరం పూర్తి చేసే పరీక్ష. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటలు గడువు. ఈ నాలుగూ పూర్తి చేసినవారికి నాలుగేళ్లకోసారి జరిగే 1,200 కిలోమీటర్ల పారిస్ – బ్రెస్ట్ – పారిస్‌లో పాల్గొనే అర్హత వస్తుంది. 1891లో మొదలైన ఆ ఫ్రెంచి పోటీలో 1951 వరకూ వృత్తి సైక్లిస్టులు తలపడ్డారు; ఇప్పుడది ఔత్సాహికులది. హైదరాబాద్ రాండన్యూర్స్ నగరంలో ఈ బ్రెవేలు నిర్వహిస్తోంది.

బ్రెవేకు భిన్నంగా, పోటీగా సాగే దశల పందెంలో రోజుకో దశ చొప్పున తొక్కుతారు. అన్ని దశల సమయాలు కూడగా తక్కువ వచ్చినవారే విజేత. కొండ దారుల్లో వారంలోపు ముగిసే పోటీలకు స్పెయిన్‌లో 1924లో మొదలైన బాస్క్ పందెం ఇట్జులియా మేటి ఉదాహరణ. దక్షిణాదిన 2008 డిసెంబర్‌లో ఆరంభమైన టూర్ ఆఫ్ నీలగిరీస్ ఔత్సాహికుల యాత్ర అయినా, 36 హెయిర్‌పిన్ మలుపుల కల్హట్టి ఘాట్ ఎక్కుడు దానికి పేరు తెచ్చింది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య గుర్తింపుతో వృత్తి జట్లు దిగిన పుణె గ్రాండ్ టూర్ 2026 జనవరి 19 నుంచి 23 వరకు జరిగింది: ఒక ప్రోలాగ్ (పొట్టి ఆరంభ దశ), నాలుగు దశలు, మొత్తం 437 కిలోమీటర్లు. అక్కడి సహ్యాద్రి ఘాట్లతో పోలిస్తే హిమాయత్ సాగర్ మిట్టలు పొట్టివి. ఆ ఘాట్లకు దగ్గరగా వచ్చే ఎక్కుళ్లు కావాలంటే ఇక్కడి రైడర్లు మూసీ పుట్టిన అనంతగిరి కొండల దాకా, వికారాబాద్ వెళతారు.

2023 అక్టోబర్ 1న ఔటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ పైకప్పుతో సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. దక్షిణ కొరియా ట్రాక్ చూసి దీన్ని రూపొందించారు. పొడవు 23 కిలోమీటర్లు, పైకప్పు పలకల విద్యుత్ సామర్థ్యం 16 మెగావాట్లు. నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ దాకా 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు. ఎండలోనూ వానలోనూ, లారీల భయం లేకుండా పిల్లలు సైతం తొక్కగల మెచ్చదగిన సౌకర్యమిది. అయితే దాదాపు సమతలం కావడంతో ఎక్కుడు సాధన కోరేవారు పాత రోడ్లనే ఆశ్రయిస్తున్నారు.

ఆ పాత రోడ్ల పరిస్థితి మారుతోంది. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వు 111 ఆంక్షలను సడలించింది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల చేవెళ్ల రోడ్డుకు నీడనిచ్చే సుమారు 900 మర్రి చెట్ల విషయమై, విస్తరణ పనుల సందర్భంగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో వ్యాజ్యం నడిచింది.