మెండోజా ద్రాక్షసీమ యాత్ర: పెద్దలతో వెళ్లే కుటుంబాలు తెలుసుకోవలసినవి

మన కుటుంబాల విదేశీ యాత్రలు ఇప్పుడు అమెరికా, ఆస్ట్రేలియాలతో ఆగడం లేదు. దక్షిణ అమెరికా వివరాలు అడిగేవారూ ఉన్నారు. అందుకే అర్జెంటీనాలోని మెండోజా గురించి ముఖ్య విషయాలు ఇస్తున్నాం. వెంట పెద్దలుంటే రెండు మాటలు గుర్తుంచుకోవాలి: టికెట్ కొనకముందే టీకా సంగతి తేల్చుకోవాలి, రోజుకు ఒక్క ప్రాంతమే పెట్టుకోవాలి.

ప్రాంతం: మెండోజా నగరం ఆండీస్ పర్వతాల పాదాల దగ్గర, బ్యూనస్ ఎయిర్స్‌కు పడమరగా సుమారు 1,050 కిలోమీటర్ల దూరంలో ఉంది. విమానంలో రెండు గంటలు, బస్సులో ఒక రాత్రి ప్రయాణం. అక్కడ వాన చాలా తక్కువ. కొండల మంచు కరిగిన నీటిని కాలువల ద్వారా తోటలకు పారిస్తారు. తుంగభద్ర ఆయకట్టు క్యాంపుల్లోని మన రైతులకు ఆ కాలువలు చూస్తే ఎంతో ఆసక్తిగా ఉంటుంది. నగర వీధుల పక్కన కూడా ‘అసేకియా’ అనే కాలువలు పారుతుంటాయి. చాలా చోట్ల వాటికి మూత ఉండదు కాబట్టి చీకట్లో పెద్దల చేయి పట్టుకుని నడిపించాలి.

కాలం: అక్కడి రుతువులు మనకు తలకిందులు. ద్రాక్ష కోత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు సాగుతుంది. మార్చి మొదట్లో ‘వెందిమియా’ కోత పండుగ జరుగుతుంది, అప్పుడు గదులు దొరకడం కష్టం. మార్చి చివర, ఏప్రిల్ నెలలు మనవాళ్లకు హాయిగా ఉంటాయి.

మూడు రోజుల ఏర్పాటు: బస నగరంలోనే పెట్టుకోవడం మేలు. మొదటి రోజు దగ్గరలోని మైపూ. అక్కడ ఆలివ్ నూనె మిల్లులు కూడా ఉన్నాయి కాబట్టి వైన్ ముట్టనివారికీ పొద్దుపోతుంది. రెండో రోజు మాల్బెక్ ద్రాక్షకు పేరుపడిన లుహాన్ దె కూయో. మూడో రోజు ఊకో లోయ. నగరం నుంచి దాదాపు గంటన్నర ప్రయాణం. 1,000 మీటర్లు దాటిన ఎత్తున తోటలు, వాటి వెనుక మంచుకొండలు కనిపిస్తాయి. ‘బొదేగా’ అనే వైన్ తయారీశాలలకు ముందుగా బుకింగ్ అవసరం. రోజుకు రెండు చాలు. రుచి చూసేవారు కారు నడపరాదు. డ్రైవర్‌తో బండి మాట్లాడుకోవాలి.

ఇంకో రోజు ఉంటే 6,961 మీటర్ల అకాంకాగువా శిఖరం వైపు వెళ్లవచ్చు. దారిలోని పుయెంతె దెల్ ఇంకా సుమారు 2,700 మీటర్ల ఎత్తున ఉంది. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవారు డాక్టరును అడిగాకే బయలుదేరాలి.

టీకా: మన ప్రభుత్వం అర్జెంటీనాను ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో ఉంచింది. ఆ జ్వరం ముప్పు ఈశాన్య అడవుల వైపే గాని మెండోజాలో కాదు. అయినా తిరిగి వచ్చేటప్పుడు సర్టిఫికెట్ లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తరువాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. 60 దాటినవారికి ఈ టీకాతో ఇబ్బందులు వచ్చే అవకాశం ఎక్కువ కనుక ముందు డాక్టరు సలహా తప్పనిసరి. వద్దంటే ఆ మాట రాతపూర్వకంగా తీసుకుని, తిరుగు ప్రయాణంలో ఏం చేస్తారో విమానాశ్రయ ఆరోగ్య కార్యాలయంలో ముందే విచారించాలి.

వీసా: నిబంధనలు మారుతుంటాయి. ఢిల్లీలోని అర్జెంటీనా రాయబార కార్యాలయంలో గానీ ముంబయి కాన్సులేట్‌లో గానీ కనుక్కోవాలి. ఇక్కడి నుంచి నేరుగా విమానం లేదు కాబట్టి, విమానం మారే దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో కూడా చూసుకోవాలి.

భోజనం: అక్కడ మాంసాహారం ఎక్కువ. శాకాహారులు ‘సిన్ కార్నె’ అంటే మాంసం లేకుండా అని అర్థం. కోడి, చేప కూడా వద్దని విడిగా చెప్పాలి. మొక్కజొన్న కూరిన ‘ఉమితా ఎంపనాదా’ మన కజ్జికాయ ఆకారంలో ఉంటుంది. మధ్యాహ్నం చాలా దుకాణాలు మూసేస్తారు, రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. మందులు వేళకు వేసుకునేవారు వెంట అటుకులు, పొడులు ఉంచుకోవాలి. గడియారం మనకంటే ఎనిమిదిన్నర గంటలు వెనుక. మాత్రల వేళలు కాగితం మీద రాసుకుని వెళ్లవలసిందిగా మనవి.