టీబీని 2 గంటల్లో పట్టేసే పరీక్ష: ఎక్కడ చేస్తారు? రిపోర్టు ఎలా చదవాలి?

మీకు గానీ, మీ ఇంట్లో ఎవరికైనా గానీ 2 వారాలు దాటినా దగ్గు తగ్గడం లేదా? సాయంత్రం పూట జ్వరం, రాత్రిళ్లు చెమటలు, ఆకలి మందగించడం, బరువు తగ్గడం, తెమడలో రక్తం కనిపిస్తున్నాయా? అయితే మందుల షాపులో సిరప్‌లు మార్చి చూడటం ఆపేసి టీబీ పరీక్ష చేయించుకోండి. బ్యాక్టీరియాను దాని డీఎన్ఏ ఆధారంగా పట్టేసే మాలిక్యులర్ పరీక్షను ప్రభుత్వం ఉచితంగానే చేస్తోంది.

పాత పరీక్షకు, దీనికి తేడా ఏంటి?

దశాబ్దాలుగా తెమడను గాజు పలకపై పూసి, రంగు వేసి, మైక్రోస్కోప్‌లో చూసేవారు. అలా కనిపించాలంటే ఒక మిల్లీలీటరు తెమడలో సుమారు 5 వేల నుంచి 10 వేల బ్యాక్టీరియా ఉండాలి. వ్యాధి తొలి దశలో ఉన్నవారికి, పిల్లలకు, హెచ్ఐవీ ఉన్నవారికి తెమడలో అన్ని ఉండకపోవచ్చు. అందుకే టీబీ ఉన్నా ‘నెగెటివ్’ అని వచ్చేది. ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్ పరీక్ష కచ్చితమైనదే గానీ, ఫలితానికి కొన్నిసార్లు 6 వారాల వరకు ఆగాలి.

కొవిడ్ రోజుల్లో ఆర్టీపీసీఆర్ గురించి వినే ఉంటారు. టీబీ మాలిక్యులర్ పరీక్షా ఆ కోవకు చెందినదే. తెమడలో ఉన్న కాస్త డీఎన్ఏను యంత్రం కోట్ల రెట్లు పెంచి గుర్తిస్తుంది. మిల్లీలీటరుకు వందల్లోనే బ్యాక్టీరియా ఉన్నా పట్టేయగలదు.

ఇంకో లాభం కూడా ఉంది. టీబీకి వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్. అది మీ ఒంట్లోని బ్యాక్టీరియాపై పనిచేస్తుందో లేదో ఇదే శాంపిల్‌తో తెలిసిపోతుంది. పనిచేయని మందును నెలల తరబడి మింగే పరిస్థితి తప్పుతుంది.

సీబీనాట్, ట్రూనాట్ అంటే?

మన దగ్గర ప్రధానంగా రెండు రకాల యంత్రాలు వాడుతున్నారు. ఒకటి సీబీనాట్. దీన్నే జీన్‌ఎక్స్‌పర్ట్ అని కూడా అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో దీన్ని సిఫార్సు చేసింది. ఫలితం సుమారు 2 గంటల్లో వస్తుంది. రెండోది గోవాకు చెందిన మోల్‌బయో సంస్థ తయారుచేసే ట్రూనాట్. దీనికి 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దక్కింది. బ్యాటరీతోనూ నడుస్తుంది కాబట్టి చిన్న ఆరోగ్య కేంద్రాల్లోనూ పెట్టొచ్చు. ముందు టీబీ ఉందో లేదో చెబుతుంది. ఉంటే, రిఫాంపిసిన్ కోసం మరో చిప్‌తో పరీక్షిస్తారు.

ఈ గంటల లెక్క యంత్రానిది మాత్రమే. శాంపిల్ ల్యాబ్‌కు చేరడానికి, వరుసలో ఆగడానికి పట్టే సమయం అదనం.

ఎక్కడికి వెళ్లాలి?

దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పట్టణ ఆరోగ్య కేంద్రం, బస్తీ దవాఖానా లేదా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి లక్షణాలు చెప్పండి. అక్కడ యంత్రం లేకపోతే తెమడ తీసుకుని, ఉన్నచోటికి పంపిస్తారు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే నిక్షయ్ టోల్ ఫ్రీ నంబరు 1800-11-6666కు ఫోన్ చేయండి.

తెమడ ఎలా ఇవ్వాలి?

చాలామంది డబ్బాలో లాలాజలం ఉమ్మి ఇస్తారు. అలాంటి శాంపిల్‌తో ఎంత మంచి యంత్రమైనా మోసపోతుంది. ముందు నీళ్లతో నోరు పుక్కిలించండి. రెండు మూడు సార్లు గట్టిగా ఊపిరి పీల్చి, గుండెల్లోంచి వచ్చేలా దగ్గి, చిక్కటి తెమడను డబ్బాలోకి తీయండి. ఉదయం లేవగానే ఇస్తే మేలు. గాలి ఆడే ఆరుబయట, ఇతరులకు దూరంగా ఈ పని చేయండి.

రిపోర్టులో ఏముంటుంది?

‘ఎంటీబీ డిటెక్టెడ్’ అంటే టీబీ బ్యాక్టీరియా దొరికినట్టు. ‘ఎంటీబీ నాట్ డిటెక్టెడ్’ అంటే ఆ శాంపిల్‌లో దొరకనట్టు.

‘రిఫ్ రెసిస్టెన్స్ నాట్ డిటెక్టెడ్’ అన్న వాక్యం దగ్గరే చాలామంది పొరబడతారు. దాని అర్థం టీబీ లేదని కాదు, రిఫాంపిసిన్ పనిచేస్తుందని. అదే ‘రిఫ్ రెసిస్టెన్స్ డిటెక్టెడ్’ అని ఉంటే ఆ మందు పనిచేయదు. మరికొన్ని పరీక్షలు చేసి వేరే మందులు ఇస్తారు.

‘ఇన్‌వాలిడ్’, ‘ఎర్రర్’ అని వస్తే అది నెగెటివ్ కాదు. మళ్లీ శాంపిల్ ఇవ్వాలి.

ఈ పరీక్షకూ పరిమితులున్నాయి

చనిపోయిన బ్యాక్టీరియా డీఎన్ఏను కూడా యంత్రం గుర్తిస్తుంది. అందుకే గతంలో టీబీకి మందులు వాడి ఉంటే ఆ విషయం డాక్టరుకు తప్పక చెప్పండి. చికిత్స ఎలా సాగుతోందో చూడటానికి దీన్ని వాడరు.

నెగెటివ్ వచ్చినా లక్షణాలు తగ్గకపోతే ఛాతీ ఎక్స్‌రే, కల్చర్ గురించి డాక్టరును అడగండి. లింఫ్ గ్రంథులు, వెన్నెముక, మెదడు పొరలకు సోకే టీబీని తెమడ పరీక్ష పట్టలేదు. అక్కడి నుంచే శాంపిల్ తీయాలి.

రక్తంలో యాంటీబాడీలు చూసి టీబీ ఉందని చెప్పే పరీక్షలను కేంద్రం 2012లోనే నిషేధించింది. ఎవరైనా వాటిని రాస్తే వద్దనండి.

పాజిటివ్ వస్తే?

కంగారు పడొద్దు. మామూలు టీబీకి 6 నెలల మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. నిక్షయ్ పోర్టల్‌లో మీ పేరు నమోదు చేస్తారు. ప్రైవేటు డాక్టర్లు కూడా కేసు వివరాలు ప్రభుత్వానికి తెలపడం తప్పనిసరి. పోషకాహారం కోసం చికిత్స కాలంలో నెలకు రూ.1,000 చొప్పున బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2024 నవంబరుకు ముందు ఇది రూ.500 ఉండేది. హెచ్ఐవీ, షుగర్ పరీక్షలూ చేయించుకోవాలి. ఇంట్లో వాళ్లందరినీ, ముఖ్యంగా చిన్నపిల్లలను పరీక్షకు తీసుకెళ్లాలి.

కొన్ని వారాలకే దగ్గు తగ్గి, ఆకలి పుడుతుంది. బాగైపోయిందని చాలామంది మందులు మానేసేది అప్పుడే. మొండి టీబీకి దారితీసేదీ అదే. డాక్టరు ఆపమనే వరకు వాడాల్సిందే.

దగ్గు మొదలై ఎన్ని రోజులైందో ఒకసారి లెక్కేసుకోండి. 14 దాటితే రేపు ఉదయమే వెళ్లండి.