పడవ నుంచి ట్రెయిలరు దాకా: సింప్సన్ ఎడారిలో బరువు లాగిన కథ



మన సంఘంలో ఇప్పుడు చాలా ఇళ్ల పిల్లలు మెల్‌బోర్న్, అడిలైడ్‌ల వైపు స్థిరపడ్డారు. అక్కడ చలికాలం సెలవులొస్తే జనం జీపు వెనక క్యాంపర్ ట్రెయిలరు తగిలించుకుని ఎడారి చూడ్డానికి వెళ్తారు. చక్రాల మీద మడిచిపెట్టిన చిన్న ఇల్లు లాంటిది ఆ ట్రెయిలరు. గుడారం, పరుపు, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ అందులోనే. సామాను నింపాక టన్ను దాటి తూగుతుంది. దాన్ని ఇసుక గుట్టల మీదుగా లాక్కెళ్లవచ్చా అన్నది అక్కడ ఎప్పుడూ నలిగే తగవు. ఆ తగవు ఈనాటిది కాదు. జీపులు పుట్టకముందు నుంచీ ఉంది. ఆ చరిత్ర తెలిస్తే జవాబు మనకే తోస్తుంది.

ముందు ఆ నేల సంగతి చెప్పుకుందాం. సింప్సన్ ఎడారి ఆస్ట్రేలియా నడిబొడ్డున, దక్షిణ ఆస్ట్రేలియా, క్వీన్స్‌లాండ్, ఉత్తర ప్రాంతం కలిసేచోట ఉంది. దుక్కి దున్నిన చేనులో చాళ్లలాగా, ఎర్రటి ఇసుక గుట్టలు ఉత్తర వాయవ్యం నుంచి దక్షిణ ఆగ్నేయానికి వరుసలు తీరి ఉంటాయి. వెయ్యికి పైగా వరుసలు. కొన్ని 200 కి.మీ. దాకా తెగకుండా సాగుతాయి. పడమర నుంచి తూర్పుకు దాటాలంటే ప్రతి వరుసా ఎక్కి దిగాల్సిందే. చివర్లో బర్డ్స్‌విల్ ఊరికి దగ్గర్లో ఉన్న 'బిగ్ రెడ్' గుట్ట సుమారు 40 మీటర్ల ఎత్తు.

ఈ ఎడారి అంచుకు బరువు లాక్కొచ్చిన తెల్లవాళ్లలో మొదట చెప్పుకోవలసింది చార్లెస్ స్టర్ట్. 1844 ఆగస్టులో అడిలైడ్ నుంచి బయల్దేరాడు. ఖండం మధ్యలో సముద్రం ఉంటుందని ఆయన నమ్మకం. అందుకని ఎడ్లబళ్లు, గొర్రెల మందతో పాటు ఒక పడవను కూడా బండి మీద కట్టి లాగించాడు. సముద్రం లేదు. నీళ్లున్న ఒక్క చోట ఆరు నెలలు చిక్కుపడిపోయారు. ఆయన సహాయకుడు జేమ్స్ పూల్ స్కర్వీ జబ్బుతో 1845 జూలైలో అక్కడే చనిపోయాడు. ఆ తర్వాత స్టర్ట్ ముందుకు సాగి ఈ గుట్టల వరుసలు చూసి వెనక్కి తిరిగాడు. పడవ దారిలోనే మిగిలిపోయింది.

1860లో బర్క్, విల్స్ యాత్ర మెల్‌బోర్న్ నుంచి కదిలింది. ఆ యాత్ర కోసం మన దేశం నుంచి, కరాచీ రేవు మీదుగా, 24 ఒంటెలను తెప్పించారు. సామాను 20 టన్నులు. అందులో దేవదారు పలక వేసిన ఓక్ బల్ల, కుర్చీలు, చైనా గంట కూడా ఉన్నాయి. బయల్దేరిన రోజే మూడు బళ్లు విరిగాయి. నెల గడిచాక, ఒక్కొక్కరూ 14 కిలోలకు మించి సొంత సామాను ఉంచుకోకూడదని బర్క్ ఆజ్ఞ వేశాడు. విమానం ఎక్కేముందు తూకం దగ్గర సూట్‌కేసు విప్పే మనవాళ్లకు ఆ బాధ తెలుసు! చివరికి బర్క్, విల్స్ ఇద్దరూ 1861లో కూపర్ క్రీక్ దగ్గర ఆకలితో ప్రాణాలు వదిలారు. అక్కడి యాండ్రువాంధా జనం చేరదీసి తిండి పెట్టబట్టి జాన్ కింగ్ ఒక్కడు బతికాడు.

ఇక ఆ ఎడారిని దాటినవాళ్లను చూడండి. 1886లో డేవిడ్ లిండ్సే పడమటి నుంచి వెళ్లి క్వీన్స్‌లాండ్ సరిహద్దు దాకా చేరుకున్నాడు. ఆయనకు దారి చూపింది అక్కడి వాంకంగురు మనిషి. గుట్టల మధ్య పల్లంలో వాంకంగురువాళ్లు తవ్వుకున్న 'మికిరి' బావులు ఉండేవి. సన్నటి సొరంగంలా ఇసుకలోకి దిగే బావులవి. ఒక బావి నుంచి ఇంకో బావికి నడుస్తూ లిండ్సే అంత దూరం వెళ్లాడు. 1936లో టెడ్ కోల్సన్ అనే రైతు, పీటర్ ఐన్స్ అనే ఆదివాసీతో కలిసి, ఐదు ఒంటెల మీద 16 రోజుల్లో బర్డ్స్‌విల్ చేరాడు. మంచి వానలు పడిన ఏడాది చూసుకుని వెళ్లాడు. లాగే బండి లేదు. మళ్లీ ఒంటెల మీదే ఇంటికి తిరిగొచ్చాడు. 1939లో సెసిల్ మాడిగన్ 19 ఒంటెలతో శాస్త్రవేత్తల బృందాన్ని దాటించాడు. ఆ ఒంటెలను నడిపినవాళ్లలో జాక్ బేజా ఒకడు. బలూచిస్తాన్ నుంచి అక్కడికి వెళ్లిన ఒంటెలవాడు బేజా దర్వేష్ కొడుకు. మాడిగన్ వైర్‌లెస్ యంత్రాన్ని కూడా ఒంటె వీపు మీదే మోయించి, ఎడారి నడుమ నుంచి కబుర్లు పంపాడు.

గమనించారా? మోసినవాళ్లు దాటారు, ఈడ్చినవాళ్లు చిక్కుకున్నారు. కారణం మన తాతలకు తెలిసిందే. ఎండాకాలం ఏటి ఇసుకలో బండి దిగబడితే, ఎడ్లను కొట్టి ప్రయోజనం లేదు. బరువు దించి రెండు విడతలుగా దాటించాలి. ఒంటె కాలు వెడల్పు, ఇసుక మీద పరుచుకుంటుంది. సన్నటి చక్రం ఇసుకను కోస్తుంది.

మోటారు బండి మీద మొదట దాటింది భూగర్భ శాస్త్రవేత్త రెగ్ స్ప్రిగ్, 1962లో, భార్యనూ ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకుని. మరుసటి ఏడే ఫ్రెంచి చమురు కంపెనీ కోసం బుల్‌డోజర్లు గుట్టలకు అడ్డంగా తిన్నటి బాట కోశాయి. అదే ఇప్పటి 'ఫ్రెంచ్ లైన్'. చమురు రిగ్గులు లాగాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ బాట సరిపోలేదు. చుట్టుదారి వేసి, గుట్టల మీద బంకమట్టి పరిచి గట్టిచేశారు. దాని పేరు 'రిగ్ రోడ్'. అంటే అసలు సిసలు బరువు లాగినవాళ్లే, ఉత్త ఇసుక మీద లాగడం కుదరదని ఒప్పుకున్నారన్నమాట. ఆ బంకమట్టి ఇప్పుడు చాలాచోట్ల చెదిరిపోయింది, ఇసుక కప్పేసింది.

ఇప్పుడు ట్రెయిలరు సంగతి. జీపు నాలుగు చక్రాలూ తిరిగి నెడతాయి. ట్రెయిలరు చక్రాలు ఊరికే దొర్లుతాయి, పైగా ఇసుకలో కూరుకుని వెనక్కి లాగుతాయి. డ్రైవరు మరింత వేగం పెంచుతాడు, చక్రాలు అక్కడికక్కడే తిరుగుతాయి, గుట్ట ముఖం మీద గోతులు పడతాయి. తర్వాత వచ్చే బండి ఆ గోతుల్లో ఎగిరెగిరి పడుతుంది. అతనూ వేగం పెంచుతాడు, గోతులు ఇంకా లోతవుతాయి. ఆపైన వచ్చేవాడు బాట వదిలి పక్కనుంచి ఎక్కుతాడు. గుట్టను పట్టి ఉంచేది ఆ పక్కనున్న గడ్డి దుబ్బులే. అవి చస్తే ఇసుక గాలికి లేస్తుంది. ఒక్కడి సుఖం కోసం పడ్డ గాయం వందమంది దారిని చెడగొడుతుంది.

అందుకే అక్కడి పార్కుల శాఖ ఈ ఎడారిలో ట్రెయిలర్లు వద్దనే సలహా ఇస్తుంది. తప్పనిసరైనవాళ్లు పాటించే పద్ధతులు కొన్నున్నాయి. జీపు టైర్లలోనే కాదు, ట్రెయిలరు టైర్లలోనూ గాలి బాగా తగ్గించాలి. రెండింటి చక్రాల మధ్య వెడల్పు ఒకటే ఉండాలి, అప్పుడే వెనక చక్రం ముందు చక్రం జాడలో నడుస్తుంది. గుట్టలు తూర్పు వైపు నిటారు, పడమటి వైపు వాలు ఎక్కువ కాబట్టి పడమటి నుంచి తూర్పుకు వెళ్లడం మేలు. ఎదుటి బండికి కనపడేలా నేల నుంచి 3.5 మీటర్ల ఎత్తున జెండా కట్టాలి. రేడియోలో 10వ ఛానెల్ వింటూ ఉండాలి. ఎక్కలేకపోతే మొండిగా గుద్దకుండా వచ్చిన జాడలోనే వెనక్కి దిగాలి. ట్రెయిలరు ఉంటే అదే కష్టం, అడ్డం తిరిగి జీపుతో సహా పక్కకు పడుతుంది. ఇరుక్కున్న బండిని లాగేటప్పుడు ట్రెయిలరు తగిలించే ఇనుప గుండుకు పట్టీ వేయకూడదు. అది తెగి తూటాలా వచ్చి మనుషులు చనిపోయారు. పిల్లలకు ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పండి.

పడమటి అంచున మౌంట్ డేర్ దాటితే తూర్పున బర్డ్స్‌విల్ దాకా, 500 కి.మీ. పైగా, పెట్రోలు బంకు లేదు. మధ్యలో చెడిపోతే బయటికి లాగించడానికి వేల డాలర్లవుతుంది. ఎండ భరించలేనిది కాబట్టి డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా పార్కు మూసేస్తారు. అన్నిటికన్నా తేలికైన పద్ధతి, ట్రెయిలరును అంచు ఊళ్లోనే వదిలి, ఒక గుడారం, నీళ్లు, ఇంధనం జీపులో పెట్టుకుని వెళ్లడం. స్టర్ట్ పడవను ముందే ఇంటి దగ్గర వదిలి ఉంటే ఎంత బాగుండేదో ఆలోచించండి.

బాధ్యత అన్నమాటకు ఇంకో అర్థం కూడా ఉంది. ఆ నేల ఖాళీ నేల కాదు. 1900 నాటికి వాంకంగురు జనం ఎడారి వదిలి అంచులకు వచ్చేశారు. బావులు ఇసుకలో పూడిపోయాయి. కానీ చిన్నప్పుడు ఎడారిలోంచి నడిచొచ్చిన మిక్ మెక్‌లీన్ ఇరిన్యిలి లాంటి పెద్దలు ఆ చోట్ల పేర్లూ కథలూ మరిచిపోలేదు. భాషావేత్త లూయిస్ హెర్కస్ వాటిని ఆయన నోట, ఆయన భాషలో రికార్డు చేశారు. 1980లలో ఆ బావుల చోట్లు మళ్లీ దొరికాయి. 2014లో కోర్టు ఆ నేల మీద వాంకంగురు యార్లుయాండి వారి హక్కును గుర్తించింది. 2021లో అక్కడ ఏర్పడిన, ఆస్ట్రేలియాలోనే అతి పెద్ద జాతీయ పార్కుకు 'ముంగా తిర్రి' అనే వారి పేరే ముందు పెట్టారు. ఇసుక గుట్టల దేశం అని దాని అర్థం.

సొంత రాష్ట్రానికి దూరంగా తరాలు గడిపిన మనకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. ఊరి పేరు, బావి పేరు భాషలో మిగిలితే ఎప్పటికైనా దారి దొరుకుతుంది. దానికి బరువు లేదు, ట్రెయిలరూ అక్కర్లేదు.

ఈ సెలవుల్లో అటు వెళ్లే పిల్లలున్న సభ్యులు దీన్ని వాళ్లకు పంపండి. చదవడం రాని పిల్లలైతే ఫోన్లో మీరే చదివి వినిపించండి.