కువైట్‌లో మన శాఖ చర్చి దొరక్కపోతే ఎక్కడ చేరాలి?

ఊళ్లో సీఎస్ఐ, ఆర్‌సీఎం, లూథరన్, బాప్టిస్టు, బ్రదరన్, పెంతెకొస్తు అని ఎవరి మందిరం వాళ్లకుంటుంది. కువైట్ వచ్చాక అట్లా కుదరదు. సెలవు రోజు, బస్సు దూరం, తెలుగు ఆరాధన ఈ మూడూ కలిసిన చోటికే పోవాలి. అక్కడ పద్ధతి వేరైతే చేరాలా వద్దా అని చాలామంది అడుగుతుంటారు.

ఎక్కడ ఉన్నాయి?

ప్రభుత్వ గుర్తింపు ఉన్న చర్చీలు కొన్నే. కువైట్ సిటీలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో చాలా భాషల సంఘాలు వేర్వేరు వేళల్లో కూడుకుంటాయి. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. కాథలిక్కులకు సిటీలో హోలీ ఫ్యామిలీ కో-కెథడ్రల్ ఉంది. అహ్మదీలో సెయింట్ పాల్స్ ఆంగ్లికన్ చర్చి ఉంది. 1947లో ఏర్పడిన సీఎస్ఐలో ఆంగ్లికన్లు కూడా కలిశారు కాబట్టి సీఎస్ఐ వాళ్లకు అక్కడి క్రమం కొత్తగా అనిపించదు. సెలవు శుక్రవారం కాబట్టి చాలా చోట్ల పెద్ద ఆరాధన ఆ రోజే.

తేడా ఎక్కడ వస్తుంది?

బాప్తిస్మం: సీఎస్ఐ, లూథరన్, కాథలిక్ సంఘాల్లో పసిపిల్లలకూ ఇస్తారు. బాప్టిస్టు, బ్రదరన్, పెంతెకొస్తు వాళ్లు నమ్మిన తర్వాత నీళ్లలో ముంచి ఇస్తారు. "నీది చెల్లదు, మళ్లీ తీసుకో" అంటే అక్కడికక్కడే ఒప్పుకోవద్దు. రేపు ఊళ్లో పెళ్లి, సమాధి విషయాల్లో సొంత సంఘంతో చిక్కు రావచ్చు. ముందు ఇంటికి, మీ పాస్టరు గారికి ఫోన్ చేయండి.

బల్ల: కాథలిక్ చర్చిలో సత్ప్రసాదం మామూలుగా కాథలిక్కులకే ఇస్తారు. మిగతా చోట్ల పెద్దల్ని అడగండి. తీసుకోకుండా కూర్చోవడం తప్పు కాదు.

నగలు, భాషలు: కొన్ని సంఘాల్లో నగలు తీయమంటారు, అన్యభాషల్లో ప్రార్థిస్తారు. పాట పాడి, వాక్యం విని రావడానికి ఇవేవీ అడ్డం కాదు.

అతిథిగా పోవడం వేరు, సభ్యత్వం వేరు. నాలుగైదు వారాలు పోయి చూశాకే పేరు రాయించుకోండి. సెలవుకు ఊరెళ్లినప్పుడు సొంత సంఘం నుంచి ఉత్తరం తెచ్చుకుంటే తర్వాత పనికొస్తుంది.

సిద్ధాంతం కంటే ముందు చూడాల్సినవి

* పాస్‌పోర్టు, బతాకా ఎవరి చేతిలోనూ పెట్టొద్దు. పాస్టరుకైనా సరే.
* కానుక మీ ఇష్టం. జీతం ఎంతని లెక్క అడిగి దశమ భాగం కోసం ఒత్తిడి చేస్తే అక్కడ ఆగిపోండి.
* చర్చిలో పరిచయమైనంత మాత్రాన చీటీలకు, వీసాలకు డబ్బు కట్టొద్దు.
* అనుమతి లేకుండా ఫ్లాట్లలో జరిగే కూటాలపై ఫిర్యాదు వస్తే పోలీసులు రావచ్చు. ముస్లింలకు మతప్రచారం చేయడం నేరం.

ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు

2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం వారానికి ఒక రోజు జీతంతో సెలవు మీ హక్కు. మీ ఒప్పుదల లేకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోవడమూ ఆ చట్టానికి విరుద్ధం. అయినా చెప్పకుండా ఇల్లు దాటి పోవద్దు, పారిపోయారని కేసు పెట్టే ప్రమాదం ఉంది. ఎక్కడికి పోతున్నారో, ఎన్నింటికి వస్తారో ముందే చెప్పండి. అడిగినా సెలవు ఇవ్వకపోతే ఇండియన్ ఎంబసీలో ఫిర్యాదు చేయవచ్చు.