మత్తును కొలిచిన చట్టం

వరంగల్లు, హనుమకొండ రోడ్లపై రాత్రివేళ పోలీసులు వాహనాలను ఆపి, నడిపేవారి నోటికి ఒక చిన్న యంత్రాన్ని అందించి ఊదమనడం నేడు అందరూ ఎరిగినదే. ఊపిరిని బట్టి నేరం నిర్ణయించడం ఎట్లా సాధ్యమైనది? ఈ యంత్రం రాకముందు న్యాయస్థానాలు తాగినవానిని దేనిని చూచి గుర్తించినవి?

ఈ నేరం మోటారుకారు కంటె పాతది. ఇంగ్లండులో 1872 నాటి ఒక చట్టం, బండిని గాని గుర్రాన్ని గాని ఆవిరియంత్రాన్ని గాని బాటపై తాగి నడపడం శిక్షార్హమని చెప్పినది. 1897 సెప్టెంబరులో లండనులో తాగి విద్యుత్ టాక్సీని ఒక భవనానికి ఢీకొట్టిన డ్రైవరుకు 25 షిల్లింగుల జరిమానా పడినది. సైకిలు కూడ ఆ చట్టంలోని ‘బండి’యే అని అక్కడి న్యాయస్థానం 1950లో తీర్పు చెప్పినది.

అయితే ఆనాటి సాక్ష్యమేమి? నోటి వాసన, తూలే నడక, తడబడే మాట. ఇవి నమ్మదగినవి కావు. తలకు దెబ్బ తగిలినవాడు, మధుమేహంతో రక్తంలో చక్కెర పడిపోయినవాడు కూడ తాగినవానివలెనే తూలుతారు. తాగుడుకు అలవాటుపడినవాడో, నిటారుగా నిలబడి తప్పించుకొనగలడు. అనగా నిర్దోషికి శిక్ష, దోషికి విడుదల కలిగే ప్రమాదమున్నది.

ఈ చిక్కును విప్పినది రసాయనశాస్త్రం. స్వీడను శాస్త్రజ్ఞుడు విడ్‌మార్క్ 1922లో కొద్దిపాటి రక్తంలోని ఆల్కహాలును కొలిచే పద్ధతిని ప్రకటించినాడు. 1936లో నార్వే రక్తంలోని ఆల్కహాలుకు చట్టబద్ధమైన పరిమితిని విధించినది. 1954లో అమెరికాలో బోర్కెన్‌స్టైన్ శ్వాసపరీక్షా యంత్రాన్ని నిర్మించినాడు. ఊపిరితిత్తులలో రక్తం నుండి కొంత ఆల్కహాలు గాలిలోకి చేరుతుంది. సుమారు 2,100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఉండే ఆల్కహాలు, ఒక మిల్లీలీటరు రక్తంలో ఉండే దానికి సమానమని లెక్క. ఆ యంత్రంలోని పొటాసియం డైక్రోమేటు నారింజరంగు ద్రావణం, ఆల్కహాలు తగలగానే ఆకుపచ్చవైపు మారుతుంది. ఆ మార్పే కొలత.

మనదేశంలో 1939 నాటి మోటారు వాహనాల చట్టం, వాహనాన్ని అదుపులో ఉంచుకొనలేనంత మత్తును నేరంగా పేర్కొన్నది. వాసన, తూలుడు వంటి లక్షణాలు మాత్రమే చాలవని 1971లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పినది. 1988 చట్టానికి 1994లో చేసిన సవరణతో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు అనే హద్దు ఏర్పడినది. 2019 సవరణ ప్రకారం మొదటి నేరానికి ఆరునెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్ళీ చేస్తే రెండేండ్ల వరకు జైలు, లేదా 15,000 రూపాయలు, లేదా రెండూ.

చట్టం పౌరునికీ రక్షణ కల్పించినది. ఈ నేరంపై అరెస్టయినవానికి రెండుగంటలలోగా వైద్యపరీక్ష జరగాలి, లేకున్న విడిచిపెట్టాలి. డ్రైవరు తాగి ఉన్నంతమాత్రాన వాహనాన్ని జప్తు చేయరాదనీ, తాగని తోడివాడు లైసెన్సు కలిగి ఉంటే అతనికి అప్పగించాలనీ తెలంగాణ హైకోర్టు 2021లో తెలిపినది.

మరి సైకిలు మాటేమి? దానికి యంత్రం లేదు గనుక ఈ 30 మిల్లీగ్రాముల హద్దు దానికి వర్తించదు. అంతమాత్రాన దోషం లేదనుకొనరాదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి, నిజాం రాజ్యంలో భాగమైన వరంగల్లుకు 1951లో వర్తించినది. అజాగ్రత్తగా బండి నడపడం, తాగి బహిరంగంగా అల్లరి చేయడం అందులో నేరాలు. 2024 జులై 1 నుండి భారతీయ న్యాయసంహితలో ఇవి 281, 355 సెక్షన్లుగా ఉన్నవి. అయితే ఇక్కడ కొలత లేదు. సైకిలువాని విషయంలో ప్రవర్తనయే నేటికీ సాక్ష్యం.

ఉపాధ్యాయులు విద్యార్థులకు మరొకటి చెప్పవలసి ఉన్నది. కాఫీతోగాని చన్నీళ్ళ స్నానంతోగాని రక్తంలోని ఆల్కహాలు తగ్గదు. కాలేయం దానిని తన తీరులో, గంటల తరబడి మాత్రమే తొలగిస్తుంది. 30 మిల్లీగ్రాములన్నది చట్టం గీసిన గీత. తాగడానికి ఇచ్చిన అనుమతి కాదు.