కాకినాడ నుంచి వెళ్లిన 52 మంది

ఆదివారాలు సలహా కోసం వచ్చే మన పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అంకుల్, పెట్టుబడి ఎవరిస్తారు?" అప్పుడల్లా నాకు కాకినాడ గుర్తొస్తుంది.

1964లో కాకినాడ నుంచి 52 మంది హైదరాబాద్‌లోని సియెట్ సంస్థకు శిక్షణకు వెళ్లారు. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ ఆలోచన అది. చేతికి డబ్బేమీ ఇవ్వలేదు. బొమ్మలు చూపించి కథలు రాయించారు, ఎవరి లక్ష్యాలు వాళ్లచేతే పెట్టించారు. పోల్చి చూడటానికి శిక్షణ ఇవ్వకుండా రాజమండ్రి వ్యాపారులను ఎంచుకున్నారు (రాజమండ్రి సభ్యులు నన్ను తిట్టుకోకండి!). తర్వాత చూస్తే, శిక్షణ పొందినవాళ్లే కొత్త పనులకు ఎక్కువగా పూనుకున్నారు. 1969లో మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ దీనిపై పుస్తకం రాశారు.

సరే, పూనిక వచ్చింది. ఇంటికొచ్చాక లెక్కలు ఎవరు చూస్తారు? మన బెంగళూరులో 1983లో మొదలైన అవేక్ అనే మహిళా పారిశ్రామికవేత్తల సంఘం ఆ పని పట్టుకుంది. వ్యాపారం చేస్తున్న మహిళలే కొత్తగా వచ్చేవాళ్లకు దారి చూపుతారు.

దాని విలువ నాకు పోయిన నెలే తెలిసింది. పచ్చళ్లు అమ్ముతానన్న అమ్మాయి సీసాల ఖర్చు, తన కూలి కలపకుండానే ధర వేసింది. బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసిన నేను "బాగుందమ్మా" అన్నాను. తప్పు పట్టుకున్నది మల్లేశ్వరంలో కొట్టు నడిపే మన సభ్యురాలు.

ఈ ఆదివారం ఆవిడ రాలేరట. కొట్టు నడిపిన అనుభవం ఉన్నవాళ్లెవరైనా పదింటికి రండి. ఆ అమ్మాయి కొత్త లెక్కలతో వస్తోంది.